పాతికేళ్ల తర్వాత తిరిగొచ్చే కస్టమర్

మొన్న సెలవులకి కాలిఫోర్నియాలో ఉండే అక్కావాళ్లింటికి వెళ్లాను. మేనకోడలికి ఏడేళ్లు. "మామయ్యా, డిస్నీల్యాండ్ ఎప్పుడు?" అని ఎయిర్‌పోర్టులోనే మొదలెట్టింది.

అనహైమ్‌లోని ఈ పార్కు 1955 జులై 17న మొదలైంది. అంతకు ముందు అక్కడ నారింజ తోటలుండేవి. రైల్వే స్టేషన్ కింద నుంచి నడిస్తే మెయిన్ స్ట్రీట్ వస్తుంది. ఎడమ పక్కన సిటీ హాల్ అనే చిన్న భవనం. అక్కడ అడిగితే 'మొదటిసారి వచ్చాను' అనే బ్యాడ్జి ఊరికే ఇస్తారు. మేనకోడలికొకటి, నాకొకటి తీసుకున్నాం. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణని సిగ్గేమీ పడలేదు.

మ్యాటర్‌హార్న్ క్యూలో మా వెనక ఓ బామ్మ, ఆవిడ కూతురు, మనవడు. 1959లో వచ్చిన ఈ రైడ్, ఉక్కు గొట్టాల పట్టాల మీద నడిచిన తొలి రోలర్ కోస్టర్. బామ్మ చిన్నప్పుడు వాళ్ల నాన్నతో ఎక్కిందట. రైడ్ సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ల నాన్న టోపీ ఎగిరిపోయిన కథే రెండుసార్లు చెప్పింది.

నేను చేసేది యాప్‌ల పని. యూజర్ ముప్ఫై రోజుల్లో మళ్లీ వస్తే మాకు పండగే. ఇక్కడ కస్టమర్ పాతికేళ్లకి పిల్లల వేలు పట్టుకుని వస్తున్నాడు, ఒక్క నోటిఫికేషనూ పంపకుండానే! మా డాష్‌బోర్డులో ఈ లెక్క ఎక్కడా కనపడదు.

అయితే ఇది ఇలాగే సాగుతుందా అంటే నాకు అనుమానమే. క్యూలో ఎక్కువసేపు నిలబడక్కర్లేకుండా 1999లో తెచ్చిన ఫాస్ట్‌పాస్ అప్పట్లో ఫ్రీ. 2021 నుంచి అలాంటి సదుపాయానికి విడిగా డబ్బు కట్టాలి. బాగా రద్దీ ఉండే రోజుల్లో ఒక్కరోజు టికెట్టే 200 డాలర్లు దాటేసింది. ఈ ఏడాది ఆదాయం వరకూ చూస్తే తెలివైన పనే. కానీ ఇవాళ గేటు దాకా రాలేని పిల్ల, 2050లో తన పిల్లల్ని ఎందుకు తీసుకొస్తుంది? ఆ నష్టం ఏ క్వార్టర్ రిపోర్టులోనూ రాదు.

నాకు రామోజీ ఫిల్మ్ సిటీ అలాంటిదే. ఏడో తరగతి ఎక్స్‌కర్షన్. నాన్న ముందు కుదరదన్నారు. ఆఖరి రోజు పొద్దున్నే పిలిచి డబ్బులు చేతిలో పెట్టారు. ఎక్కడ తెచ్చారో అడగలేదు, అడిగే వయసు కాదు. చూసిన సెట్లు సగం మర్చిపోయాను. ఎర్ర బస్సు, స్టీలు డబ్బాలో అమ్మ కట్టిన పులిహోర మాత్రం గుర్తున్నాయి. ఆ రోజు నాన్న మనసు మార్చుకోకపోయుంటే, ఆ పేరు నాకు హైవే మీద కనపడే ఒక బోర్డు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు కారులోంచి నాన్నకి వీడియో కాల్ చేశాం. మేనకోడలు జేబులోంచి ఇంకో బ్యాడ్జి తీసి, "తాతయ్యా, ఇది నీకు" అంది. అది ఎప్పుడు తీసుకుందో మేం చూడనే లేదు.

నాన్న నవ్వి, "టికెట్ ఎంతమ్మా?" అన్నారు.

అక్క సగమే చెప్పింది.