ఎవరు మారాలి?

ఇరవై మస్టర్లకు రెండు టన్నుల బొగ్గు కలిపితే ఎంత? మా కాసిపేటలో గని ఉద్యోగి ఇల్లాలిని అడిగి చూడండి, పకపకా నవ్వుతుంది. ఇరవై రెండు ఏమిటట, మస్టర్లా, టన్నులా?

కంప్యూటర్‌కి ఈ లౌక్యం నేర్పేది కంపైలర్. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే దుబాసీ అన్నమాట. కూడిక గుర్తు కనిపించగానే కూడెయ్యదు. అటున్నదెవరు, ఇటున్నదెవరు అని ఆరా తీస్తుంది. రెండూ పూర్ణాంకాలైతే ఒక ఆజ్ఞ రాస్తుంది, దశాంశాలైతే మరొకటి. పొసగని జతైతే అక్కడే ఆపేస్తుంది. 1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణం పూర్ణాంకానికి దశాంశాన్ని కూడనిచ్చేది కాదు. తర్వాత వచ్చిన ఫోర్ట్రాన్ 77 కూడనిచ్చింది. పుష్కరకాలంలో ఒప్పుకున్నారంటే మనవాళ్ళకంటే నయమే!

సి భాషలో 7ను 2తో భాగిస్తే 3 వస్తుంది. రెండూ పూర్ణాంకాలు కదా, మిగిలిన అర గంగలో కలుస్తుంది. అదే 2.0తో భాగించమంటే 3.5. ముందు 7ను 7.0గా మార్చి, ఆపైన భాగించమని ఆజ్ఞ రాస్తుంది. ఆ 7కు మారినందువల్ల పోయేదేం లేదు. దశాంశాన్ని పూర్ణాంకం చేస్తే చుక్క వెనకున్నదంతా పోతుంది. అందుకని మారేది ఎప్పుడూ పూర్ణాంకమే.

మా చెల్లెలి కూతురు ఇదంతా చదివి ఉద్యోగంలో చేరింది. మొన్న ఓ సంబంధం వచ్చింది. పిల్ల ఉద్యోగం మానాలిట, అబ్బాయి ఊళ్ళోనే ఉండాలిట.

"అతను మారితే ఏం పోతది, నేను మారితే ఏం పోతది, లెక్క చూసినంకనే మాటియ్యమను పెద్దమ్మా" అంది.

మా చెల్లెలు వాళ్ళకింకా ఏ మాటా చెప్పలేదు.