తాళం వెనుక కారణం

మా కంప్యూటర్ విభాగంలో నేను చూసే పని ఏమిటని ఇతర విభాగాల మిత్రులు తరచు అడుగుతుంటారు. జీతాల బిల్లుల ప్రోగ్రామో, స్టోర్స్ లెక్కల ప్రోగ్రామో అయితే ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. నాది ఆ ప్రోగ్రాములకు అడుగున ఉండే పని. మన నెలవారీ ఉత్పత్తి నివేదికలన్నీ ఒక చిన్న గణన భాషలో వ్రాసి ఉన్నాయి. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మా విభాగంలోని ఇద్దరు సీనియర్ ఇంజనీర్లు స్వయంగా రూపొందించిన భాష అది. ఆ భాషలోని ఆదేశాలను ఒక్కొక్కటిగా చదివి అమలు జరిపే ప్రోగ్రామును రన్‌టైమ్ అంటారు. అందులో రెండు భాగాలు నా బాధ్యత. మెమరీలో స్థలాన్ని ఎవరికి ఇవ్వాలి, ఎప్పుడు తిరిగి తీసుకోవాలి అన్నది నిర్ణయించేది మొదటిది. ఏకకాలంలో నడిచే అనేక పనులు ఒకదానికొకటి అడ్డు తగలకుండా చూసేది రెండవది. ఇటువంటి ఏకకాలపు పనులనే మా పరిభాషలో థ్రెడ్లు అంటాము.

ఈ రెండు భాగాలూ సక్రమంగా ఉన్నంత కాలం వాటి ఉనికి ఎవరికీ తెలియదు. ఏడాది పొడవునా ఏమీ జరగకపోవడమే ఇక్కడ విజయం. అయినప్పటికీ ఈ పని నాకు నేర్పిన ఒక విషయం ఇతర విభాగాల వారికి కూడా ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

విద్యుత్ విభాగం మిత్రులకు ఈ సంగతి ఇట్టే బోధపడుతుంది. ఒక ఫీడరు మీద మరమ్మతు జరిగేటప్పుడు సరఫరా నిలిపివేసి, ఆ లైను మీద పనిచేసే ప్రతి ఒక్కరూ తమ తమ తాళాన్ని స్విచ్చుకు తగిలిస్తారు. పని ముగించిన వారు ఎవరి తాళం వారు తీసుకుపోతారు. చిట్టచివరి తాళం తీసేవరకు సరఫరా ఇవ్వరు. ఏ తాళం ఎవరిదన్న విచారణ అవసరం లేదు. ఒక్క తాళం మిగిలి ఉన్నా, లైను మీద ఒక మనిషి ఉన్నాడని అర్థం.

మా రన్‌టైమ్‌లో మెమరీ నిర్వహణ సరిగ్గా ఇదే పద్ధతిలో సాగుతుంది. ప్రతి సమాచార ఖండానికీ ఒక లెక్క ఉంటుంది. దానిని ప్రస్తుతం ఎంతమంది వాడుతున్నారన్నదే ఆ లెక్క. కొత్తగా వాడేవారు వస్తే ఒకటి పెరుగుతుంది, వదిలివేస్తే ఒకటి తగ్గుతుంది. సున్నాకు చేరిన క్షణాన ఆ స్థలం ఖాళీ అయినట్లే. మరొక అవసరానికి ఇచ్చివేయవచ్చు. రిఫరెన్స్ కౌంటింగ్ అనే ఈ పద్ధతిని జార్జ్ కాలిన్స్ 1960లో ప్రతిపాదించారు. అదే ఏడాది జాన్ మెకార్తీ తన లిస్ప్ భాష గురించి వ్రాసిన వ్యాసంలో మరొక మార్గం చూపారు. ఎప్పటికప్పుడు లెక్క వ్రాయడం మాని, స్థలం నిండుకున్నప్పుడు మొత్తం వెదికి, ఎవరికీ అందుబాటులో లేని వాటిని ఏరివేయడం ఆ మార్గం. దానినే గార్బేజ్ కలెక్షన్ అన్నారు. నేటి భాషలలో అనేకం ఈ రెండు మార్గాలలో ఒకదానినో, రెండింటి కలయికనో అనుసరిస్తున్నాయి. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పైథాన్ భాషకు లెక్కల పద్ధతే మూలం. ఒకదానినొకటి పట్టుకొని ఎన్నటికీ సున్నాకు చేరని వలయాలను ఏరివేయడానికి 2000లో వచ్చిన 2.0 సంచికలో రెండవ పద్ధతిని కూడా దానికి జోడించారు.

ఇంతవరకు చిక్కు లేదు. ఒకేసారి అనేక థ్రెడ్లు నడిచినప్పుడే చిక్కు మొదలవుతుంది. స్విచ్చుకు తాళాలు తగిలించడానికి బదులు, రిజిస్టరులో అంకె వేసే పద్ధతి ఉన్నదని ఊహించుకోండి. రిజిస్టరులో 5 అని ఉంది. ఇద్దరు ఒకేసారి వచ్చారు. ఇద్దరూ 5 చూశారు, ఇద్దరూ ఒకటి కలిపి 6 వేశారు. వాస్తవానికి ఏడుగురు ఉన్నారు. ఆరుగురు పని ముగించి వెళ్ళేసరికి రిజిస్టరు సున్నా చూపుతుంది, ఏడవ మనిషి ఇంకా లైను మీదే ఉంటాడు. మా రన్‌టైమ్‌లో ఇదే జరిగితే, ఒక థ్రెడ్ వాడుతున్న స్థలం మరొకదానికి దక్కుతుంది. ఒకరి అంకె మీద మరొకరి అంకె పడుతుంది. అప్పుడు ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోతే అదృష్టమనే చెప్పాలి. ఆగకుండా, ఏ హెచ్చరికా లేకుండా, తప్పుడు అంకెతో నివేదిక చక్కగా అచ్చయి అధికారుల బల్లల మీదికి చేరడమే అసలు ప్రమాదం.

దీనికి అనాదిగా ఉన్న విరుగుడు, ఒక సమయంలో ఒకరే రిజిస్టరు ముట్టాలనే నియమం. ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1965లో ఈ సమస్యను సూత్రబద్ధంగా వివరించి పరిష్కారం చూపారు. మా భాషను రూపొందించిన వారు అతి సులువైన రూపాన్ని ఎంచుకున్నారు. రన్‌టైమ్ మొత్తానికి ఒకే పెద్ద తాళం పెట్టారు. ఒంటి లైను రైలు మార్గంలో టోకెన్ అందనిదే డ్రైవరు సెక్షనులోకి బండిని నడపడు కదా! అదే విధంగా ఆ తాళం చేజిక్కిన థ్రెడ్ మాత్రమే ఆదేశాలను అమలు జరుపుతుంది. పైథాన్‌లోనూ ఇటువంటి తాళమే దశాబ్దాలుగా ఉన్నది. దానిని గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్ అంటారు.

కొన్నేళ్ళ క్రితం మా పాత సర్వరు స్థానంలో పదహారు కోర్ల కొత్త సర్వరు వచ్చింది. నెలాఖరు నివేదికలకు మాత్రం మునుపటి వలెనే తెల్లవారుజాము దాకా పట్టేది. పదహారు కోర్లలో ఒక్కటి పనిచేస్తూ తక్కిన పదిహేను చేతులు ముడుచుకొని కూర్చోవడం మానిటరు మీద స్పష్టంగా కనిపించేది. ఆ తాళాన్ని తీసివేయరాదా అని నివేదికలు వాడే విభాగాలవారు అడిగారు. అది న్యాయమైన కోరికే. ఉదయం సమీక్షకు అంకెలు అందక వారు పడే అవస్థ మాకు తెలియనిది కాదు.

పరీక్షల కోసం విడిగా ఉంచిన యంత్రం మీద నేను, నా సహోద్యోగి ఒకరు కలిసి ప్రయత్నం చేశాము. పెద్ద తాళం తొలగించి, లెక్కలు పెంచడానికీ తగ్గించడానికీ అటామిక్ ఆదేశాలు వాడాము. చదవడం, కలపడం, తిరిగి వ్రాయడం మూడూ మధ్యలో ఎవరూ చొరబడకుండా ఒకే చర్యగా జరిపించే ఆదేశాలివి. రిజిస్టరులో అంకె తప్పిపోయే ప్రమాదం వీటితో తొలగుతుంది. మొదటి ఫలితం ఆశాజనకంగా లేదు. ఆదేశాలు ఖరీదైనవి కావడం వల్ల ఒంటరిగా నడిచే నివేదిక మునుపటికంటే మందగించింది. రెండవ ఫలితం ఆందోళన కలిగించింది. వరుసగా అనేక రాత్రులు సక్రమంగా నడిచిన ప్రోగ్రాము ఒక రాత్రి నడుమనే కూలిపోయింది. కారణం వెదకడానికి పరిశీలన ఆదేశాలు చేర్చితే మళ్ళీ చక్కగా నడిచింది. ఈ జాతి దోషాల స్వభావమే అంత. చూడబోతే వేగం మారుతుంది. వేగం మారితే దోషం దాక్కుంటుంది.

ప్రోగ్రామును మొదటినుంచి చదవగా ఒకచోట రెండు ఆదేశాల ప్రక్కన, ఈ క్రమాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మార్చరాదని ఒక వ్యాఖ్య కనిపించింది. మొదటి ఆదేశం పేర్ల పట్టికలో నుంచి ఒక పేరును చెరిపివేస్తుంది. రెండవది ఆ పేరుగల సమాచారపు లెక్కను ఒకటి తగ్గిస్తుంది. ఎందుకు మార్చరాదో మాత్రం వ్రాసి లేదు. భాషను రూపొందించిన ఇద్దరిలో ఒకరు అప్పటికే కాలం చేశారు. మరొకరు ఉద్యోగ విరమణ చేసి తమ స్వగ్రామంలో ఉంటున్నారు. ఒక ఆదివారం వారి ఇంటికి వెళ్ళి ప్రోగ్రాము అచ్చుప్రతిని ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని ఆ పుట వైపు చాలాసేపు చూశారు. ఇన్నేళ్ళ తరువాత గుర్తుంటుందో లేదోనని నాకు లోలోపల బెరుకుగానే ఉంది. గుర్తున్నది!

ఆయన చెప్పిన కారణం ఇది. లెక్క తగ్గించడమంటే కేవలం ఒక అంకె మార్చడం కాదు. లెక్క సున్నాకు చేరితే ఆ సమాచారానికి అనుబంధంగా ఉన్న ఫైలు మూతపడుతుంది. మూతపడే ముందు నివేదిక చివరి పంక్తిని వ్రాస్తుంది. ఆ పంక్తి కోసం మళ్ళీ అదే పేర్ల పట్టికను వెదుకుతుంది. పేరు ఇంకా చెరపకుండా ఉంటే, చనిపోతున్న సమాచారాన్నే సజీవమని భ్రమించి పట్టుకుంటుంది. అందుకే ముందు పేరు చెరపాలి, ఆ తరువాతనే లెక్క తగ్గించాలి. పైథాన్ నిర్వాహకులు కూడా తమ గ్రంథంలో ఇదే హెచ్చరిక చేశారని నాకు తరువాత తెలిసింది. లెక్క తగ్గించడం వల్ల ఎటువంటి ప్రోగ్రాము అయినా మధ్యలో నడిచే అవకాశం ఉన్నదని, కనుక పట్టుకున్న సూచికను ముందుగానే తుడిచివేయాలని వారి నియమం.

"బాబూ, ఆ రెండు ఆదేశాల మధ్య ఉన్న ఖాళీయే అసలు చోటు. పెద్ద తాళం కాపలా కాసేది ఆ ఖాళీకే" అన్నారాయన.

ఆ మాటతో మా యంత్రం ఎందుకు కూలిందో అర్థమైంది. ఒక థ్రెడ్ పట్టికలో పేరు చూసి, లెక్క పెంచబోతున్నది. సరిగ్గా ఆ లోపలనే మరొక థ్రెడ్ పేరు చెరిపి, లెక్క తగ్గించి, సున్నా కాగానే స్థలాన్ని ఇచ్చివేసింది. మొదటి థ్రెడ్ పెంచిన లెక్క అప్పటికే పరుల సొత్తయిన స్థలంలో పడింది. లైను నిలిపి ఉన్నదని బోర్డు చూసిన మనిషి, తన తాళం తగిలించడానికి నడిచి వచ్చేలోగా చివరి తాళం తీసి సరఫరా ఇచ్చినట్లన్నమాట. లెక్క వేసే పద్ధతి ఎంత దృఢమైనదైనా, చూడడానికీ లెక్క వేయడానికీ నడుమనున్న ఆ క్షణాన్ని కాపాడలేదు.

కాబట్టి పెద్ద తాళాన్ని ఉంచాలనే నిర్ణయించాము. కాని దానిని ఎంతసేపు పట్టుకోవాలన్నది పునఃపరిశీలించాము. కొలిచి చూస్తే మా నివేదికలు గణనకంటె డిస్కు కోసం, డేటాబేస్ కోసం ఎదురుచూడడంలోనే ఎక్కువ కాలం గడుపుతున్నాయని తేలింది. ఎదురుచూసే సమయంలో తాళం వదిలి, సమాచారం చేతికి అందగానే తిరిగి పట్టుకునేలా మార్పు చేశాము. నెలాఖరు నివేదికలు ఇప్పుడు అర్ధరాత్రికి ముందే ముగుస్తున్నాయి. కోర్లన్నీ పనిలో లేకపోవచ్చు. ఉదయం సమీక్షకు అంకెలు మాత్రం బల్ల మీద ఉంటున్నాయి, పైగా అవి నమ్మదగిన అంకెలు.

తాళాలు శాశ్వతమని నా అభిప్రాయం కాదు. పైథాన్ చరిత్రే అందుకు నిదర్శనం. ఆ భాషలోని పెద్ద తాళాన్ని తొలగించే ప్రయత్నం గ్రెగ్ స్టైన్ 1990లలోనే చేశారు. తాళం పోయింది గాని ఒంటరిగా నడిచే ప్రోగ్రాముల వేగం బాగా పడిపోయింది. భాష సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2007లో వ్రాసిన వ్యాసంలో, ఒంటరి ప్రోగ్రాముల వేగం తగ్గని పక్షంలోనే అటువంటి మార్పును స్వాగతిస్తానని స్పష్టం చేశారు. 2016లో లారీ హేస్టింగ్స్ మరొక ప్రయత్నం చేసి అదే గోడకు ఎదురయ్యారు. చివరకు సామ్ గ్రాస్ 2023లో సమర్పించిన ప్రతిపాదనకు అదే ఏడాది ఆమోదం లభించింది. ఆయన పద్ధతిలో ప్రతి సమాచార ఖండానికీ ఒక యజమాని థ్రెడ్ ఉంటుంది. యజమాని తన లెక్కను ఖరీదైన ఆదేశాలు లేకుండా మార్చుకుంటుంది, తక్కినవారి లెక్క విడిగా ఉంటుంది. జాబితాలు, పట్టికలు వాడిన స్థలం ఖాళీ అయినా, దానిని ఇంకా ఎవరూ చదవడం లేదని తేలేవరకు ఇతర అవసరాలకు మళ్ళించరు. మా యంత్రాన్ని కూల్చిన ఆ క్షణానికి అక్కడ దొరికిన సమాధానం అది. 2024 అక్టోబరులో వెలువడిన 3.13 సంచికలో తాళం లేని రూపం ప్రయోగాత్మకంగా వచ్చింది. అప్పుడు ఒంటరి ప్రోగ్రాముల మీద భారం సుమారు 40 శాతం. 2025 అక్టోబరు నాటి 3.14 సంచికలో ఆ భారం 5 నుంచి 10 శాతానికి దిగింది, ఆ రూపానికి అధికారిక గుర్తింపు కూడా లభించింది. అయినా అది కోరుకున్నవారికే. సాధారణ రూపంలో తాళం కొనసాగుతూనే ఉంది.

ఈ చరిత్రలో నన్ను ఆకర్షించింది వేగం కాదు. విఫలమైన ప్రతి ప్రయత్నమూ ఎందుకు విఫలమైనదో బహిరంగంగా వ్రాసి ఉంచారు. తరువాత వచ్చినవారు ఆ కారణాలను ఒక్కొక్కటిగా చదివి, ఒక్కొక్కదానికీ సమాధానం వెదికారు. తాళం ఏ ఏ పనులు చేస్తున్నదో తెలిసినందువల్లనే, ఆ పనులన్నీ వేరే వారికి అప్పగించి దానిని విడుదల చేయగలిగారు. మా విషయంలోనైతే కారణం ఒకే ఒక్క పెద్దమనిషి జ్ఞాపకంలో మిగిలి ఉన్నది. నేను మరికొన్నేళ్ళు ఆలస్యంగా వెళ్ళి ఉంటే అది మాకు దక్కేదో లేదో చెప్పలేను.

అప్పటినుంచి మా విభాగంలో ఒక నియమం పెట్టుకున్నాము. ప్రోగ్రాములో తాళం ఉన్న ప్రతిచోటా మూడు సంగతులు వ్రాయాలి. ఇది దేనిని కాపాడుతున్నది? దీనిని పట్టుకొని ఉండగా ఏ పనులు చేయరాదు? దీనిని తీసివేస్తే ముందుగా ఏది చెడుతుంది? పాత ప్రోగ్రాము మొత్తానికి ఈ వ్యాఖ్యలు చేర్చడానికి మాకు దాదాపు ఒక సంవత్సరం పట్టింది. వాటిలో కొన్నిటికి సమాధానం ఎంత వెదకినా దొరకలేదు. అక్కడ కారణం తెలియలేదని నిజాయితీగా వ్రాసి, తాళాన్ని అలాగే ఉంచాము.

మన సంస్థలో ప్రతి విభాగంలోనూ ఇటువంటి తాళాలు ఉంటాయి. ఫలానా వాల్వును ముందుగా తిప్పరాదని, ఫలానా ఫైలు ఫలానా బల్ల దాటి పోరాదని నియమాలు ఉంటాయి. వాటి కారణాలు తెలిసిన పెద్దలు ప్రతి నెలాఖరున ఒకరిద్దరు పూలమాలలతో, శాలువాలతో మన నుంచి సెలవు తీసుకుంటున్నారు. సన్మాన సభ తేదీ ఖాయమయ్యేలోగా ఒక పూట వారి ప్రక్కన కాగితం, కలం పట్టుకొని కూర్చుందాము. ఆ పెద్దాయన ఇచ్చిన సమాధానం ఇప్పుడు మా ప్రోగ్రాములో ఆ రెండు ఆదేశాల పైన, ఆయన పేరుతో సహా, పదకొండు పంక్తులలో భద్రంగా ఉంది.