అలిపిరి గుండు నుంచి తుంబురు కోన దాకా

తిరుపతిలో ఏ మేడ ఎక్కి ఉత్తరంగా చూసినా కొండ రెండు అంతస్తులుగా కనిపిస్తుంది. కింది అంతస్తు పొదలు, చెట్లు, గుండ్రటి బండలతో వాలుగా ఊరివైపు దిగుతుంది. దాని నెత్తిన, ఎవరో గీత గీసి నిలబెట్టినట్టు, ఎర్రటి రాతిగోడ. సాయంత్రపు ఎండ పడితే ఆ గోడ ఇంకా ఎర్రబారుతుంది. కొత్తగా వచ్చినవాళ్ల చూపు గాలిగోపురం కోసమో, రాత్రయితే శంఖచక్ర నామాల దీపాల కోసమో వెతుకుతుంది గానీ ఈ రెండు అంతస్తుల మధ్య గీత మీద ఆగదు. శేషాచలమనే ఈ కొండ కథ చాలావరకు ఆ గీతలోనే ఉంది.

కింద ఉన్నది గ్రానైటు. భూమి లోపల కరిగి, మెల్లగా చల్లారి గట్టిపడ్డ రాయి. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. పైన ఉన్నది క్వార్ట్‌జైటు. ఒకప్పటి లోతులేని సముద్రపు ఒడ్డున పేరుకున్న ఇసుక బిగుసుకుని ఇలా రాయి అయింది. దీనికి భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నగరి క్వార్ట్‌జైటు, సాధారణంగా చెప్పే వయసు 160 కోట్ల ఏళ్లు. గ్రానైటు భూమి పైకి తేలి, ఎండకూ వానకూ అరిగి చదునైన ఎంతో కాలానికి గానీ దాని మీద ఈ ఇసుక పడలేదు. మధ్యలో గడిచిన కాలానికి ఇక్కడ రాతి సాక్ష్యం లేదు. ఏ లెక్క పట్టుకున్నా ఆ ఖాళీ 50 కోట్ల ఏళ్లకు తక్కువ కాదు. దీన్నే ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ఘాట్ రోడ్డు కోసం కొండను కోసినచోట్ల, వాగులు కోసుకుపోయినచోట్ల ఇది కళ్లకు కడుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా ప్రకటించింది. రోడ్డు పక్కన బోర్డు కూడా ఉంది, కానీ బస్సు అక్కడ ఆగదు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు రెప్పపాటులో వెనక్కిపోతుంది. ఇంత విలువైన చోట నాలుగు నిమిషాలు నిలబడి చూసే ఏర్పాటు లేకపోవడం నాకు వెలితిగానే అనిపిస్తుంది.

బస్సు ఆగకపోయినా కాళ్లు ఆగుతాయి. తిరుమలకు నడిచి ఎక్కే అలిపిరి దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. మొదట్లోనే తలయేరు గుండు ఉంటుంది. మోకాళ్ల నొప్పులు రావొద్దని జనం తలా మోకాళ్లూ ఆనించి మొక్కే బండ అది. ఈ ప్రాంతపు గ్రానైటు పగుళ్ల వెంట లోపలికి అరుగుతూ, పొరలుపొరలుగా ఊడుతూ చివరికి ఇలా గుండుగా మిగులుతుంది. చంద్రగిరి కోట వెనక కొండను చూసినా ఇదే తీరు. పైకి వెళ్లేకొద్దీ గుండ్లు తగ్గుతాయి. మెట్ల పక్కన రాయి పలకలుగా, దిమ్మెలుగా, అంచులు కోసుగా కనిపిస్తుంది. క్వార్ట్‌జైటు గుండ్రంగా అరిగే రకం కాదు. పొరల వెంట, అడ్డపగుళ్ల వెంట దిమ్మెలుగా విరుగుతుంది. ఇది అర్థమైతే ఊళ్లోంచి కనిపించిన ఎర్రగోడ అంత నిటారుగా ఎందుకుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. ఊపిరి అందక కూలబడేవాళ్లంతా ఈ లోపే కూలబడతారు. అక్కణ్నుంచి దారి నెమ్మదిస్తుంది. జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయుడు, పక్కన లోతుగా అవ్వాచారి కోన. చివర్లో మోకాళ్ల మిట్ట మళ్లీ పరీక్ష పెడుతుంది. దారిలో చాలాభాగం పైకప్పు వేశారు. ఎండకూ వానకూ అది పుణ్యమే, కాదనను. కానీ ఆ కప్పు కింద నడిచినంతసేపూ కొండ కనపడదు. మెట్టూ, ముందువాళ్ల మడమలూ కనిపిస్తాయి. కొండను చూడాలనుకుంటే కప్పు తెగినచోటల్లా పక్కకు జరిగి నిలబడాలి.

రెండో దారి శ్రీవారి మెట్టు. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి మొదలవుతుంది, 2.1 కిలోమీటర్లే, 2,388 మెట్లు. దూరం తక్కువ కాబట్టి తేలిక అనుకుంటే తొడలు చెబుతాయి. కొండ ఇక్కడ ఎంత నిలువుగా లేచిందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. 2021 నవంబరు వానలకు ఈ దారి బాగా దెబ్బతింది. మట్టీ బండలూ మెట్ల మీదికి వచ్చిపడ్డాయి. మళ్లీ తెరిచింది 2022 మే నెలలో. 2021 డిసెంబరు మొదట్లో రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు దొర్లి రోడ్డునే విరిచేశాయి. వాన ఎక్కువ పడిందన్నది సగం కారణమే. క్వార్ట్‌జైటులో నీళ్లు దాచుకునే రంధ్రాలు తక్కువ, దారి ఇచ్చే పగుళ్లు ఎక్కువ. రోజులతరబడి వాన పడితే ఆ పగుళ్లలో నీరు నిండి, దిమ్మెల మధ్య పట్టు వదులుతుంది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పటి నుంచీ ఈ కొండతో ఇంజనీర్లు పడుతున్న పాట్లన్నిటికీ మూలం ఆ పగుళ్లే.

ఆ పగుళ్లే తీర్థాలనూ ఇచ్చాయి. తిరుమల కొండల్లో తీర్థాల లెక్క పురాణానికొకటి. పైన పడ్డ వాన రాతి చీలికల్లో దిగి, కింద దారి మూసుకున్నచోట పక్కకు ఊరి, అంచు దొరికినచోట దూకుతుంది. కొండ అడుగునున్న కపిలతీర్థం ధారను చూడాలంటే కార్తీక మాసంలో, ఈశాన్య రుతుపవనాల వాన బాగా పడ్డ మర్నాడు వెళ్లండి. ఎండాకాలంలో వెళ్లి నీళ్లేవని అడిగితే కొండ తప్పు కాదు.

తిరుమల గుడికి కిలోమీటరు దూరంలో, చక్రతీర్థం దగ్గర శిలాతోరణం ఉంది. వెడల్పు ఎనిమిది మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు. ఇదీ జాతీయ భూగర్భ స్మారకమే. చుట్టూ కంచె, తోట, ఫొటోలు. అక్కడ వినిపించే మాట ఒకటి సరిదిద్దాలి: తోరణం వయసు 150 కోట్ల ఏళ్లని చాలామంది అనుకుంటారు. ఇంచుమించు అంత వయసు రాయిది, కన్నానిది కాదు. మెత్తటి భాగాన్ని నీరు తొలిచేయగా గట్టి భాగం వంతెనలా నిలిచింది. భూమి లెక్కల్లో అది ఈమధ్య జరిగిన పనే. చుట్టుపక్కల రాతి సందుల్లో ఓపికగా వెతికితే బంగారు బల్లి కనపడొచ్చు. తూర్పు కనుమల రాతి చీలికల్లో, తడి ఉన్నచోట బతికే పసుపుపచ్చని బల్లి అది. పగలు దొరకడం కష్టం.

నిజమైన నడక కావాలంటే తుంబురు తీర్థ ముక్కోటి పండుగ దాకా ఆగాలి. ఫాల్గుణ పౌర్ణమికి పాపవినాశనం డ్యామ్ దగ్గర్నుంచి అడవిలోకి వదులుతారు. సుమారు ఏడు కిలోమీటర్లు. మెట్లు లేవు, కప్పు లేదు. వేళ్లూ, రాళ్లూ, వాగు దాటడాలూ ఉన్నాయి. దారి ముగిసేచోట కొండ నిలువునా చీలి ఉంటుంది. రెండు వైపులా గోడల్లా పొరలుపొరలుగా క్వార్ట్‌జైటు, మధ్యలో మనుషులు వరసకట్టి నడిచేంత సందు, కింద నీరు. ఇసుక ఒక్కో పొరగా పడిన తీరును ఆ గోడల మీద చెయ్యి పెట్టి తడుముకోవచ్చు. పుస్తకంలో పది పేజీలు చదివినా రాని సంగతి అక్కడ పది అడుగుల్లో వస్తుంది. భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసుకున్న కోన కూడా ఇదే. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార తీర్థం ముక్కోట్లు జరుగుతాయి. వాటికీ నడక ఉంది, కానీ ఒక్కటే ఎంచుకోమంటే తుంబురు కోనే. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లను వెళ్లొద్దంటారు. ఆ మాట వినడం మంచిది.

మిగతా రోజుల్లో అడవిలోకి అనుమతి లేకపోవడానికి కారణాలున్నాయి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. మట్టి పలచగా, రాయి ఎక్కువగా ఉన్న వాలులంటేనే దానికి ఇష్టం. దొంగరవాణా వల్ల గస్తీ ఎక్కువ. చిరుతలూ ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఒక చిన్నారిని చిరుత పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాతే పిల్లలతో నడిచేవాళ్లకు వేళల కట్టడి వచ్చింది, చేతికర్రలు ఇచ్చారు. అన్నమయ్య దారి అని పిలిచే మూడో బాట మామండూరు, కుక్కలదొడ్డి వైపు నుంచి పార్వేట మండపం దగ్గరికి చేరుతుంది. అన్నమయ్య ఊరు తాళ్లపాక నుంచి వచ్చేవాళ్లకు అదే దగ్గర దారి. దాన్ని అందరికీ తెరవాలన్న కోరిక తరచూ వినిపిస్తుంది. నా మట్టుకు నాకు, మూడో మెట్ల వరస కట్టడం కన్నా ఏడాదిలో కొన్ని రోజులు అటవీశాఖ వాళ్ల తోడుతో చిన్న చిన్న జట్లను పంపడం మేలనిపిస్తుంది.

ఈ కొండలన్నీ కలిపి ఆదిశేషుడంటారు: తిరుమల పడగలు, అహోబిలం నడుము, శ్రీశైలం తోక. పటం తెరిచి చూస్తే ఆ ఊహ వట్టి ఊహ కాదు. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో వర్ణించిన కడప, కర్నూలు శిలల బేసిన్ సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల నెలవంక. శ్రీశైలం క్వార్ట్‌జైటూ, అహోబిలం కోనలూ, తిరుమల ఎర్రగోడా దానిలోవే. మన ఇళ్లలో పరిచే కడప బండలూ, బేతంచెర్ల, తాడిపత్రి రాళ్లూ ఆ నెలవంక లోపలివే. కాలినడకన కొండలు కొండలు దాటినవాళ్లకు రాయీ, అడవీ మారకుండా సాగడం తెలిసే ఉంటుంది.

మెట్లెక్కే ఓపిక లేనివాళ్లు పశ్చిమంగా తలకోనకు వెళ్లొచ్చు. 270 అడుగుల జలపాతం, కింద సిద్ధేశ్వరాలయం. దక్షిణంగా వెళ్తే పుత్తూరు దాటాక నారాయణవనం దగ్గర కైలాసకోన. అక్కడా అదే రాయి, అదే దిమ్మెల విరుపు. ఇంకాస్త ముందుకెళ్తే రైల్లోంచి నగరి ముక్కు అనే కొండ కనిపిస్తుంది. తిరుమల రాతికి ఆ పేరు ఎక్కడిదో అప్పుడు అడగక్కర్లేదు.