పూత

సంతలో గరిటె కొనేముందు మేము అయస్కాంతం పెట్టి చూస్తాం. అంటుకుంటే పక్కన పెట్టేస్తాం. (అంటుకునే మంచి స్టీలూ ఉంది గానీ, సంతలో అంత ఓపిక ఎవరికి?) పాడేరు కొండలు దిగి విశాఖలో బతుకుతున్నా ఆ అలవాటు పోలేదు.

తుపాకుల దగ్గర ఆ పరీక్ష పనికిరాదు. పిస్టళ్లకు వాడే స్టెయిన్‌లెస్ రకాల్లో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది. అంచులు చూడాలి. ఒరలో రాసుకున్నచోట నికెల్ పూత అరుగుతుంది, పొర లేచినచోట కింది ఇనుము తుప్పు పడుతుంది. నికెల్ మెరుపులో కాస్త పసుపు ఛాయ కూడా ఉంటుంది. స్టెయిన్‌లెస్‌ను గీసినా లోపలా అదే రంగు.

నగరంలో ఒకాయన తళతళలాడే రివాల్వరు ఫొటో చూపించి, "మీ మన్యం పితూరీ నాటిది, స్టెయిన్‌లెస్" అన్నాడు. 1913లో షెఫీల్డులో బ్రేర్లీ తుపాకీ గొట్టాల కోసం వెతుకుతూనే ఆ లోహాన్ని పట్టాడు, నిజమే. కానీ తొలి స్టెయిన్‌లెస్ రివాల్వరును స్మిత్ అండ్ వెస్సన్ బజారుకు తెచ్చింది 1965లో. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడిన మావాళ్లు పట్టుకెళ్లినవి పోలీసుల తుపాకులు.

గాం గంటం దొర, మల్లు దొర పేర్లు చెప్పాం. ఆయన వినలేదట. రివాల్వరు ఎంత పలుకుతుందని మాత్రం అడిగాడు.