గంట వెనక చెయ్యి

జుట్‌ఫెన్, నెదర్లాండ్స్

అన్నయ్యకు,

కారిలాన్ అంటే గోపురంలో వేలాడదీసి, ఒకే మనిషి వాయించేలా అమర్చిన గంటల వరస. కనీసం 23 గంటలుండాలి. అది గడియారానికి తగిలించిన హంగు కాదనీ, అచ్చమైన వాద్యమనీ నేనంటాను. గంటను ఒక్కసారి కొడితే ఒక్క స్వరమే పలకదు. వినబడే షడ్జంతోపాటు కింది స్థాయి షడ్జం, సాధారణ గాంధారం, పంచమం, పై షడ్జం కలిసి లేస్తాయి. ఇవి పొసగకపోతే ఎంత గొప్ప గంటా పాటకు పనికిరాదు. ఉట్రెక్ట్‌లో గంటలు వాయించిన అంధుడు యాకబ్ వాన్ ఐక్ ఆ స్వరాలను చెవితో విడదీశాడు. ఫ్రాన్స్వా, పీటర్ హెమొనీ సోదరులు గంటలు పోతపోసి, లోపలి గోడను లేత్ మీద కొద్దికొద్దిగా చెక్కి శ్రుతి కుదిర్చారు. అలా కుదిరిన తొలి కారిలాన్ 1644లో ఇక్కడి వైన్‌హౌస్ గోపురానికి వచ్చింది. ఆ గంటలు 1920 అగ్నిప్రమాదంలో పోయాయి. హెమొనీల తర్వాత మరుగున పడ్డ ఆ విద్య పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో గానీ మళ్లీ పట్టుబడలేదు. టైము చెప్పడానికే అయితే ఇంత శ్రుతి అక్కర్లేదు.

మెకెలెన్, బెల్జియం

అన్నయ్యకు,

శ్రుతి సరే, వాయించేది యంత్రమైతే వాద్యమెలా అవుతుందని అడుగుతావు. గట్టి ప్రశ్నే. ఇక్కడి సెయింట్ రంబోల్డ్ గోపురంలో రెండు కారిలాన్లున్నాయి, ఒక్కోదానికి 49 గంటలు. గోపుర యంత్రంలో మేకులు దిగ్గొట్టిన పెద్ద డ్రమ్ము తిరుగుతుంది. మేకు మీటను లేపితే తీగ కదిలి, సుత్తి గంటను బయటినుంచి కొడుతుంది. శతాబ్దాలుగా ఊళ్లు విన్నది ఎక్కువగా ఆ పాటలే, కాదనను. కానీ సుత్తి బలం ఎప్పుడూ ఒకటే. వీణ తీగను వేలితో ఆపినట్టు మోగుతున్న గంటను ఆపలేం. పెద్ద గంటల నాదం చాలాసేపు నిలిచి, తర్వాతి చిన్న స్వరాలను కప్పేస్తుంది. వాద్యకారుడి చేతిలో ఉన్నదల్లా దెబ్బ బరువే. చెక్క పిడుల మీద పిడికిలి, కింద పెడళ్ల మీద పాదం. పిడి నుంచి తీగ, తీగ చివర గంట నాలుక. గంట ఊగదు, నాలుకే కదులుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా పలుకుతుంది. ఆ పట్టుతోనే కారిలాన్ వాద్యకారుడు యెఫ్ డెనైన్ 1892లో ఇక్కడ సోమవారం సాయంత్రపు కచేరీలు మొదలుపెట్టాడు, 1922లో ఆ విద్యకు బడి పెట్టాడు. కరెంటు మీట పెడితే శ్రమ తగ్గదా అంటే, తగ్గుతుంది. దాంతో చేతికీ గంటకూ లంకె కూడా తెగుతుంది. డెనైన్ తీగల అమరికను సవరించింది ఆ లంకె మరింత చురుగ్గా ఉండడానికే. వాద్యకారుడు పైన ఎక్కడో ఉంటాడు, మనకు కనబడడు. అయినా పెద్ద గంటలు అణిగి, చిన్న గంటల్లో రాగం తేటగా వినిపిస్తే అక్కడ చెయ్యి ఉందని తెలిసిపోతుంది. లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం గోపురంలోనూ కారిలాన్ ఉంది. తర్వాతి ఉత్తరం అక్కణ్నుంచి రాస్తాను.

నీ తమ్ముడు