ఏ మెట్టులో తప్పింది?

నేను ముప్ఫయి మూడేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను. చివరి తొమ్మిదేళ్ళూ హెడ్మాస్టరుగా ఉండి కూడా లెక్కల క్లాసు మటుకు వదలలేదు. లెక్క తప్పిన పిల్లవాడు సాధారణంగా ఒక పని చేస్తాడు. లబ్బరు తీసుకుని మొత్తమంతా చెరిపేసి, మళ్ళీ మొదటినించి మొదలుపెడతాడు. చాలాసార్లు రెండోమాటు కూడా అదే చోట తప్పుతాడు. అందుచేత నేను, "చెరపవద్దు. ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ రా. తప్పిన మెట్టు ఏదో కనిపెట్టి, అది ఒక్కటే దిద్దు," అని చెబుతూ ఉండేవాణ్ణి.

వేలమంది పిల్లలకు చెప్పిన ఈ మాటను, ఈ మధ్య నా శిష్యుడే తిరిగి నాకు చెప్పవలసి వచ్చింది. అది ఎలా జరిగిందో వినండి.

మా ఇంట్లో 2014లో కొన్న కంప్యూటరు ఒకటి ఉన్నది. దానిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉన్నది. ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటరులోని భాగాలన్నిటిచేతా పొందికగా పని చేయించే ప్రోగ్రాముల సముదాయం. లినక్స్‌కు ముఖ్యమైన భాగాన్ని 'కెర్నల్' అంటారు. దాన్ని 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్క ఏళ్ళ విద్యార్థి రాయటం ప్రారంభించాడు. దాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, వాడుకోవచ్చు. ఈనాడు ఎన్నో దేశాలవాళ్ళు కలిసి దానికి మెరుగులు దిద్దుతున్నారు.

అయితే మా ఇంట్లో వాళ్ళకు ఆ కంప్యూటరంటే ప్రాణం కావటానికి కారణం లినక్స్ కాదు, మా ఇంటావిడ చెప్పిన కథలు. ఆవిడ రోజూ రాత్రి మనవడికి కథలు చెబుతూ ఉండేది. అవి నేను ఒక మైకు పెట్టి కంప్యూటరులో భద్రపరిచాను. అలా నలభై ఒక్క కథలు చేరినాయి. ఆవిడ 2021లో పోయింది. అప్పటికి మా మనవరాలు ఉయ్యాలలో పిల్ల. ఇప్పుడు దానికి అయిదేళ్ళు. దానికి నానమ్మ అంటే ఆ గొంతే. రాత్రి కాగానే, "తాతయ్యా, నానమ్మ కథ పెట్టు," అంటుంది.

ఇంత విలువైన కథలకు నేను రెండో ప్రతి తియ్యలేదు! బళ్ళో ఉన్న రోజుల్లో మార్కుల పట్టికకు నకలు రాయనిదే బీరువాలో పెట్టనిచ్చేవాణ్ణి కాను. ఇంటి దగ్గర మటుకు, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకుంటూ నాలుగేళ్ళు గడిపేశాను.

ఒకనాటి సాయంత్రం కంప్యూటరు తెర మీద ఒక ప్రకటన కనిపించింది. ఆపరేటింగ్ సిస్టానికి కొత్త కూర్పు వచ్చిందనీ, కావాలంటే ఇప్పుడే మార్చుకోవచ్చుననీ దాని సారాంశం. నేను సరేనన్నాను. పని మొదలయింది. గంట గడిచింది. చివరికి వచ్చేసరికి తెర మీది గీత ఒకచోట నిలిచిపోయి, ఇరవై నిమిషాలపాటు కదలలేదు. భోజనాల వేళయింది. ఇక ఇది కదలదని తేల్చుకుని, గోడకున్న స్విచ్చి కట్టేసి లేచాను.

మర్నాడు పొద్దున్నే స్విచ్చి వేశాను. లోపలి పంకా తిరిగింది. తెర మీద కంపెనీ గుర్తు కూడా వచ్చింది. ఆ తరవాత తెరంతా నల్లబడి, తెల్లని అక్షరాలు బిలబిలమంటూ వచ్చి ఆగిపోయినాయి. ఎన్నిసార్లు వేసినా అంతే!

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా మనవడు తొమ్మిదో క్లాసు చదువుతున్నాడు. అంతకు రెండు రోజుల ముందు వాడు ఆ కంప్యూటరు మీద ఏదో ఆట ఆడటం చూశాను. వెంటనే వాణ్ణి పిలిచి, "ఏం చేశావురా? ఆటలకోసం ఏమేమి దించావు?" అని కేకలేశాను.

"నేనేమీ చెయ్యలేదు, తాతయ్యా!" అన్నాడు వాడు.

"చెయ్యకుండానే ఇలా అయిందా?" అన్నాను.

వాడు మరి మాట్లాడలేదు. ఇడ్లీ పళ్ళెం ముట్టుకోకుండా సంచీ భుజాన వేసుకుని బడికి వెళ్ళిపోయాడు.

నేను ఆటోలో కంప్యూటరు వేసుకుని బజారులో మరమ్మతు చేసే కొట్టుకు తీసుకుపోయాను. కొట్టతను అరనిమిషం చూసి, "ఫార్మాట్ చేసేస్తానండీ. రెండు గంటల్లో కొత్తదానిలా అయిపోతుంది," అన్నాడు.

"లోపల ఉన్నవో?" అని అడిగాను.

"అవి పోతాయండీ," అన్నాడతను.

ఫార్మాట్ చెయ్యటమంటే పలక తుడిచినట్టు డిస్కును ఖాళీ చెయ్యటమే. నేను మారు మాట్లాడకుండా కంప్యూటరు తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పుడు నాకు నా పాత శిష్యుడొకడు గుర్తుకు వచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మా ఇంట్లో లినక్స్ పెట్టింది కూడా అతనే. అతనికి ఫోన్ చేసి, "ఏమోయ్, కంప్యూటరు పాడైపోయింది!" అన్నాను.

"మాస్టారూ, పాడైపోయింది అంటే నాకేమీ తెలియదు. తెర మీద ఏమున్నదో అక్షరం పొల్లుపోకుండా చదవండి," అన్నాడతను.

నేను కళ్ళజోడు సవరించుకుని చదివాను. 'కెర్నల్ పానిక్' అనీ, ఆ వరసలోనే 'అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ ఎస్' అనీ ఉన్నది.

అతను తేలికగా ఊపిరి వదిలి, "ఎక్కడిదాకా సరిగా వచ్చిందో చూద్దాం, మాస్టారూ. మీరే చెప్పేవారుగా, మొత్తం చెరపవద్దు, తప్పిన మెట్టు వెతకమని!" అన్నాడు.

నేను సిగ్గుపడ్డాను. అతను ఒక్కొక్క మెట్టే వివరించాడు. దాన్ని నేను మన బడి భాషలో మీకు చెబుతాను.

కంప్యూటరు నిద్ర లేవటాన్ని 'బూట్ కావటం' అంటారు. బూట్లకు ఉండే పట్టీలు పట్టుకుని తన్ను తానే పైకెత్తుకోవటం అనే ఇంగ్లీషు నుడికారంనించి ఆ మాట పుట్టింది. కంప్యూటరు కూడా అలాగే ఒక చిన్న ప్రోగ్రాముతో మొదలుపెట్టి, దానిచేత దానికన్న పెద్దదాన్ని, దానిచేత ఇంకా పెద్దదాన్ని పిలిపించుకుంటూ లేస్తుంది.

పొద్దున్నే బడి తెరవటం తలుచుకోండి. ముందుగా కావలివాడు గేటు తీసి అంతా సరిగా ఉన్నదో లేదో చూస్తాడు. కంప్యూటరులో ఈ పని చేసేది 'ఫర్మ్‌వేర్'. అది కంప్యూటరులోని ముఖ్యమైన బోర్డు మీదనే ఉండే ప్రోగ్రాము. తరవాత బంట్రోతు వచ్చి హెడ్మాస్టరును పిలుచుకు వస్తాడు. ఈ బంట్రోతు పేరు 'బూట్ లోడర్'. హెడ్మాస్టరు ఎవరంటే కెర్నల్! అయితే హెడ్మాస్టరు వచ్చినంత మాత్రాన చాలదు. గదుల తాళాలు తియ్యాలి గద! అందుకు తాళంచెవుల గుత్తి కావాలి. అటువంటి గుత్తే 'ఇనిట్‌ర్యామ్ ఎఫ్ ఎస్'. డిస్కును తెరవటానికి కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములన్నీ అందులో ఉంటాయి. బంట్రోతు హెడ్మాస్టరును తెచ్చేటప్పుడే ఈ గుత్తిని కూడా తెచ్చి ఇస్తాడు.

"ఇప్పుడు చూడండి, మాస్టారూ," అన్నాడు నా శిష్యుడు. "పంకా తిరిగింది కనక కరెంటు అందుతున్నది. గుర్తు కనిపించింది కనక కావలివాడు బాగానే ఉన్నాడు. తెల్ల అక్షరాలు రాసినది కెర్నలే. అంటే హెడ్మాస్టరు కూడా వచ్చాడు. ఆయన డిస్కులోనించే వచ్చాడు గద, కాబట్టి డిస్కు కూడా బతికే ఉన్నదని ఆశ పడవచ్చు. ఆయన గది తలుపు తెరవలేకపోతున్నాడు. తాళంచెవుల గుత్తి సరిగా తయారు కాలేదు. అంతే!"

"మరి కథలు?" అని అడిగాను.

"తలుపు తెరుచుకోకపోతే గదిలో పుస్తకాలు పోయినట్టా, మాస్టారూ?" అన్నాడతను.

ఆ మాటతో నా ప్రాణం లేచివచ్చింది. కాని వెంటనే అతను, "ఇంతకూ గుత్తి సగంలో ఎందుకు ఆగిపోయింది? చివరిసారి కంప్యూటరు పనిచేసినప్పుడు ఏం జరిగింది?" అని అడిగాడు.

నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. తెర మీది గీత ఇరవై నిమిషాలు నిలిచిపోయినప్పుడు, లోపల కొత్త కెర్నల్ కోసం గుత్తి తయారవుతూ ఉండాలి. అప్పుడే నేను స్విచ్చి కట్టేశాను! మనవడు ఆట ఆడిన తరవాత కూడా రెండు రోజులపాటు కంప్యూటరు నిక్షేపంగా పనిచేసింది. లెక్కలు చెప్పినవాణ్ణి అయివుండి, ఆ చిన్న సంగతి ఆలోచించకుండానే నేను వాడి మీద నేరం మోపాను.

"స్విచ్చి నేనే కట్టానోయ్," అని చెప్పాను.

"ఫరవాలేదు, మాస్టారూ. కొత్త హెడ్మాస్టరు వచ్చినా, పాత హెడ్మాస్టరును వెంటనే పంపించెయ్యరు. ఆయన దగ్గర ఆయన గుత్తి ఉంటుంది. సాయంత్రం మీ మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని ఫోన్ చెయ్యండి," అన్నాడతను.

సాయంత్రం మనవడు ఇంటికి రాగానే నేను వాకిట్లోనే ఎదురుపోయి, "ఒరే నాయనా, తప్పు నీది కాదు. నాది. కొత్త కూర్పు ఎక్కుతూ ఉండగా నేనే కరెంటు ఆపాను. నువ్వు చెప్పినది వినకుండా కేకలేశాను. అది ఇంకా పెద్ద తప్పు," అన్నాను.

వాడు కాసేపు నా మొహం చూసి, "నాకు ఆకలేస్తున్నది, తాతయ్యా," అన్నాడు. ఇద్దరం కూర్చుని అటుకులు తిన్నాం. తరవాత ఫోన్ చేశాం.

శిష్యుడు చెబుతూ ఉంటే మనవడు మీటలు నొక్కాడు. స్విచ్చి వేస్తూనే షిఫ్ట్ మీట పట్టుకుంటే, తెర మీద ఒక పట్టిక వచ్చింది. ఇన్నేళ్ళుగా అది అక్కడ ఉన్నట్టే నాకు తెలియదు. అందులో రెండో వరసలోకి వెళితే కొత్త కెర్నల్, దాని కింద పాత కెర్నల్ కనిపించాయి. వాడు పాతదాన్ని ఎంచుకున్నాడు. తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తాయి. ఈసారి ఆగలేదు. మామూలు తెర వచ్చేసింది!

"ఇప్పుడే దేన్నీ మరమ్మతు చెయ్యవద్దు. ముందు కథలకు నకలు తియ్యి," అన్నాడు శిష్యుడు.

మనవడు పెన్ డ్రైవు పెట్టి నలభై ఒక్క కథలూ ఎక్కించాడు. ఎక్కినవి లెక్కపెట్టి, రెండు మూడు తెరిచి విని చూశాడు. ఆ తరవాతనే అసలు పని మొదలయింది. సగంలో ఆగినవాటిని పూర్తి చెయ్యమని ఒక ఆజ్ఞ, కొత్త కెర్నల్‌కు గుత్తిని మళ్ళీ తయారు చెయ్యమని ఒక ఆజ్ఞ, పట్టికను తిరగరాయమని ఒక ఆజ్ఞ ఇచ్చాం. మధ్యలో ఒకసారి అంతా స్తంభించినట్టే అయింది. నా చూపు స్విచ్చి మీదికి పోయింది. మనవడు ఏమీ అనకుండా తన కుర్చీ జరుపుకుని స్విచ్చికి అడ్డంగా కూర్చున్నాడు! పదకొండు నిమిషాల తరవాత పని దానంతట అదే ముందుకు సాగింది.

చివరికి కంప్యూటరు ఆపి, తిరిగి వేశాం. కొత్త కెర్నల్ తన గుత్తితో వచ్చి తలుపు తెరిచింది.

పిల్లలూ, మీ ఇంట్లో కంప్యూటరు ఇలా మొరాయిస్తే భయపడకండి. కొత్త కూర్పు ఎక్కించేముందే ముఖ్యమైనవాటికి నకళ్ళు తీసుకోండి. అది ఎక్కుతూ ఉండగా కరెంటు ఆపకండి. తెర మీద రాసినది పూర్తిగా చదవండి. మొత్తం తుడిచేస్తామని ఎవరైనా అంటే, దానికి ముందు చెయ్యగలిగినది ఇంకేమైనా ఉన్నదేమో అడగండి. ప్రతిసారీ పాత కెర్నల్ ఆదుకోకపోవచ్చు. డిస్కే చెడిపోతే నకలు తప్ప వేరే గతి ఉండదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో కథల ప్రతులు మూడు ఉన్నాయి. ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్ డ్రైవులో ఉన్నాయి. మూడోది వేరే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉన్నది.

ఆ రాత్రి మనవరాలు యథాప్రకారం, "నానమ్మ కథ పెట్టు," అన్నది. ఎప్పుడూ తన గదిలో చదువుకునే మనవడు కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. కథ మధ్యలో కుక్కరు కూత వినిపిస్తుంది. మా ఇంటావిడ కథ ఆపి, "ఏమండీ, కాస్త ఆ స్టవ్వు కట్టేసి రండి," అంటుంది. ఆ మాట కూడా కథతోపాటే ఉండిపోయింది.

మనవడు నా కేసి చూసి, "స్టవ్వయితే కట్టెయ్యవచ్చు, తాతయ్యా!" అన్నాడు.

ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.