రేకు లారీ

మా పాఠశాల గ్రంథాలయమున, మూలనున్న బీరువా క్రింది అరలో, పూర్వమిచట పనిచేసిన అమెరికా మిషనరీలు విడిచివెళ్లిన పత్రికల కట్టలు కొన్ని గలవు. రేపల్లె ఉప్పుగాలికిని చెదలకును చిక్కక మిగిలినవి కొలదియే. ఒక వేసవి సెలవులలో వానిని ఎండబెట్టుచుండగా, ఒక పుటలో రాజులెక్కదగిన గుఱ్ఱపుబండి పటమును, దాని ప్రక్కనొక బాలుని పటమును మా కంటబడెను. తొలుత ఏదో ఆటవస్తువుల దుకాణపు ప్రకటన యనుకొంటిమి. చదివిచూడగా అది మోటారుకార్లకు పైతొడుగులు చేయు సంస్థవారిది. రేకు తొడుగులు చేయువారికి బాలురతో నేమి పని యని మాకు వింత తోచెను. నాటినుండి ఆ సంగతి వెదకి తెలిసికొంటిమి.

ఆ సంస్థ పేరు ఫిషర్ బాడీ. ఫిషర్ సోదరులు 1908లో డెట్రాయిట్ నగరమున దానిని స్థాపించిరి. వారి తండ్రి ఒహాయో రాష్ట్రమందలి నార్వాక్ అను ఊర గుఱ్ఱపుబండ్లు చేయువాడు. 1926లో సంస్థ పూర్తిగా జనరల్ మోటార్సువారి వశమయ్యెను. 1930లో వారు క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అను పేర బాలురకొక పోటీ నెలకొల్పిరి. నెపోలియన్ చక్రవర్తి కాలపు రాజశకటము ఆ సంస్థకు ముద్ర. ఆ శకటమునే చిన్న కొలతలో, చక్రములు, తలుపులు, లోపలి మెత్తలతోగూడ బాలుడు తన చేతులతో చేయవలెను. తరువాతి యేండ్లలో బాలుడు తానే ఊహించిన కారు నమూనాను, అసలు బండిలో పన్నెండవ వంతు కొలతకు, చేసి పంపు పోటీయు వచ్చెను. గెలిచినవారికి కళాశాల చదువునకు వేతనములిచ్చిరి. 1947లో గెలిచిన చక్ జోర్డన్ అను యువకుడు పిమ్మట జనరల్ మోటార్సులోనే కార్ల రూపకల్పనకు అధిపతి యయ్యెను. 1968లో ఆ పోటీ నిలిచిపోయెను. ఇందంతయు ధర్మబుద్ధియే యని మేము చెప్పము. తమ పేరు ఇంటింట వినబడవలెనన్న కోరిక ఆ వర్తకులకు లేకపోలేదు. అయినను ప్రకటనకు వెచ్చించు సొమ్ము ఒక పిల్లవాని చేతికి ఉలి నిచ్చినచో దానిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు.

ఆ రోజులలో కారు తొడుగనగా కొయ్యచట్రముపై బిగించిన రేకులే. కప్పు నడిమి భాగమున గుడ్డ పరచుచుండిరి. 1935వ సంవత్సరపు బండ్లకు ఫిషర్‌వారు ఒకే ఉక్కురేకును అచ్చులో నొక్కి చేసిన కప్పును తెచ్చి, దానికి టర్రెట్ టాప్ అని పేరిడిరి. రేకును నొక్కుటలో కష్టమంతయు మూలలయొద్దనే. అచట రేకు పోగుపడినచో ముడుతలు వచ్చును. మితిమీరి సాగినచో చిట్లును. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మేము మాత్రము చదివియు గుర్తుంచుకొనలేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలలో హస్తకళా ప్రదర్శనము జరిగెను. మన ప్రాంతమున ఇనుముతో ముచ్చటైన పని క్రొత్త కాదు. తెనాలి శిల్పులు పాత మోటారుబండ్ల మరలను, పళ్లచక్రములను కూర్చి నిలువెత్తు విగ్రహములు చేయుచున్నారు. ఆ దినమున తొమ్మిదవ తరగతి బాలుడొకడు నూనెడబ్బా రేకుతో చేసిన లారీని తెచ్చెను. పొడవు మూరెడు లోపే. తలుపులకు సైకిలు పుల్లలు కీళ్లు. వెనుక తలుపునకు గొలుసులు సైతము గలవు. పిల్లలు మూగి చూచుచుండిరి. ఆ బాలుని తండ్రి విజయవాడ ఆటోనగరులో లారీలకు బాడీలు కట్టువాడని మాకు తెలియును. అదియే మా తొందరపాటునకు కారణమయ్యెను.

“ఇది మీ నాయన చేసినదా?” యని యడిగితిమి.

“కాదండీ మాస్టారూ, నేనే చేశానండీ.”

“నిజము చెప్పు” మని అందరి యెదుట రెండుమారులు గద్దించితిమి. వాడు మరి పలుకలేదు. బహుమానము అట్టతో చేసిన దేవాలయమునకిచ్చితిమి. వాడు లారీని చంకనిడుకొని వెడలిపోయెను. నాలుగు దినములు బడికి రాలేదు.

నాలుగవనాటి రాత్రి ఆ పాత ప్రకటన మాకు జ్ఞప్తికి వచ్చెను. పోటీకి వచ్చిన బండి బాలుని చేతిపనియో పెద్దల చేతిపనియో ఆ న్యాయనిర్ణేతలు పనిని చూచియే తేల్చవలసియుండెను గదా. మేము పనిని చూడనేలేదు, తండ్రి వృత్తిని చూచితిమి. నిద్ర పట్టలేదు.

మరునాటి సాయంకాలము సైకిలుపై వారి యింటికి పోతిమి. తల్లి కంగారుపడి కుర్చీ తుడిచి వేసి, “మావాడేమైనా తప్పు చేశాడా అయ్యగారూ?” అనెను. తప్పు మాదే యనుటకు నోరు వెంటనే రాలేదు. సంక్రాంతికి వచ్చి వెళ్లిన తండ్రి మరల ఇంటికి రాలేదని ఆమె మాటలలో తెలిసెను. అప్పటికి వేసవి సమీపించుచుండెను.

వేపచెట్టు క్రింద పారవేసిన రేకు ముక్కలలో లారీ ముందరి గది కప్పులు రెండు కనబడెను. ఒకటి నాలుగు మూలలయందును ముడుతలు పడియున్నది. రెండవది ఒక మూల చిట్లియున్నది. లారీని తెమ్మని యడిగి, దాని కప్పుపై వ్రేలు నడిపి చూచితిమి. ప్రతి మూలయందును సన్నని చీలిక తీసి, అంచులు కలిపి, మాటువేసిన జాడ చేతికి తగిలెను.

“మూల దగ్గర రేకు ఎక్కువైపోతోందండీ. అందుకని కోసి కలిపాను,” అని వాడు నేలచూపులతో పలికెను. వాని చూపుడువ్రేలిపై కాలిన మచ్చ యింకను మానలేదు.

సోమవారపు ప్రార్థనకూటమున, మేము ఎందరియెదుట గద్దించితిమో అందరియెదుట క్షమాపణ వేడితిమి. వాడు సిగ్గుపడి ముందు బాలుని వెనుక దాగెను. బహుమానము తిరిగి తీసికొనుట ఆ దేవాలయము చేసిన బాలికకు అన్యాయమగును. కావున మా జీతమునుండి ఒక రేకుకత్తెర కొని వానికిచ్చితిమి. పుచ్చుకొనెను గాని అప్పుడు నవ్వలేదు.

ముడుతలు పడిన కప్పును మేమడిగి తెచ్చుకొంటిమి. అది మా బల్లమీదనే యున్నది. లారీని కూడ పాఠశాల బీరువాలో ఉంచుటకిమ్మంటిమి. వాడు తల అడ్డముగా ఊపెను.

“నాయన ఇంకా చూడలేదండీ,” అనెను.